పూత (తొమ్మిదో భాగం): ఆరేళ్ళు దాటినవారికి

కిందటి వారం హరితను మనం నూజివీడులో ఒక బడి వరండాలో వదిలి వచ్చాం. కాలేజీలో కామర్సు చెప్పుకుంటూ మూడేళ్ళుగా తను తయారుచేసిన 'పూత' అనే ముక్కలాటను విజయవాడ బొమ్మల కంపెనీ ఒకటి అచ్చువేస్తానంది. కంపెనీ తరఫున వచ్చిన శకుంతల మాత్రం ఒక షరతు పెట్టింది. పెట్టె మీద 'ఆరేళ్ళు దాటినవారికి' అని ఉండాలి. ముక్కల మీద మామిడికాయలకు కళ్ళూ మూతీ పెట్టి నవ్వించాలి. ఆ నవ్వే కాయ ముందు ఆటలోకి, తర్వాత నోటు పుస్తకాల అట్టల మీదికి, ఆపైన ఫోన్లలో వచ్చే బొమ్మల కథల్లోకి వెళ్ళాలి. ఇది పిల్లల ఆట కాదని హరిత వాదన. పిల్లల చేత ఆడించి చూసి తేల్చుకుందామని, శకుంతల తెచ్చిన నమూనా పెట్టెతో ఇద్దరూ మూడో తరగతి గదిలోకి అడుగుపెట్టారు.

పిల్లలు ఆడారు. హరితకు వచ్చిన చిక్కల్లా అదే.

వాళ్ళు ఆడరని, పది నిమిషాల్లో విసుగొచ్చి లేచిపోతారని ఆమె ధైర్యంగా ఉంది. ఒంటిపూట బడి గంట కొట్టేదాకా ఒక్కరూ లేవలేదు. గాలివాన ముక్క పడ్డప్పుడల్లా కేకలు పెట్టారు. రెండు జడల పిల్ల ఒకతె నవ్వే చిన్నరసం కాయ బొమ్మున్న ముక్కను గుండెకు హత్తుకుని "ఇది నేనుంచుకోనా మేడం?" అని శకుంతలను అడిగింది. శకుంతల ఆ ముక్క ఆ పిల్లకే ఇచ్చేసి, నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది.

కారు ఆగిరిపల్లి దారి పట్టింది. ఏప్రిల్ నెల. రోడ్డుకు రెండువైపులా తోటల్లో కోతలు మొదలయ్యాయి. చిక్కం కట్టిన గెడలు భుజాన వేసుకుని మోటారు సైకిళ్ళ మీద మనుషులు ఎదురొస్తున్నారు.

"మీరొకటి గమనించారాండీ?" అంది హరిత. "పిల్లల్లో ఒక్కరు కూడా తోట అమ్మలేదు."

'పూత' ఆట నిలబడింది ఆ అమ్మకం మీదే. పూత చూసి తోట కొనాలి. ఆ తర్వాత ఒక్కొక్క ముక్కా తిప్పుతుంటే మంచు పడుతుంది, పురుగు పడుతుంది, గాలి వీస్తుంది. ముక్క తిప్పబోయే ముందు ప్రతిసారీ ఆలోచించుకోవాలి. తోట ఉంచుకోవడమా, పక్కవాళ్ళకు అమ్మేసి బయటపడటమా? నూజివీడు చుట్టుపక్కల మామిడి వర్తకమంతా ఇంతే. కమీషన్ వ్యాపారం చేసే తండ్రి కొట్లో కూర్చుని హరిత చిన్నప్పటి నుంచీ చూసింది ఇదే.

"గమనించాను. దొరికిన తోట చివరిదాకా పట్టుకునే కూర్చున్నారు" అంది శకుంతల.

"ఎనిమిదేళ్ళ పిల్లకి గాలంటే భయమేం ఉంటుందండీ? కాయ రాలితే ఏరుకుని తినొచ్చనుకుంటుంది. అమ్మాలా వద్దా అన్న బాధే లేనప్పుడు అదింక నా ఆట ఎలా అవుతుంది? ఎవరికి ఏ ముక్కొస్తుందో చూడటమేగా!"

"అయితే అమ్మకం తీసేద్దాం" అంది శకుంతల తేలిగ్గా. "నియమాలు సగానికి తగ్గుతాయి. ఇంకా మంచిది."

హరిత కిటికీ వైపు తిరిగింది. ఆ మాటలో ద్వేషం లేదు, ఎగతాళీ లేదు. అందుకే కోపం తెచ్చుకోవడానికీ వీల్లేకపోయింది.

"ఒక్క గంట ఇవ్వండి. దీన్ని నిజంగా ఆడేవాళ్ళని చూపిస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం" అంది.

వీరభద్రరావు మామిడి షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. రేకుల కప్పు, మూడువైపులా గోడ లేదు. నేలంతా వరిగడ్డి. ప్లాస్టిక్ ట్రేలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. కాయలు ఏరి రకాలు విడదీసే ఆడవాళ్ళు భోజనాలు ముగించి, ఎండ తగ్గేదాకా దొరికిన తీరికలో గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో బోర్లించిన ట్రే మీద ముక్కలు. అవి మూడేళ్ళ కిందట హరిత చేత్తో గీసి, కత్తిరించి ఇచ్చిన ముక్కలు. వాటి మీద కాయలకు కళ్ళు లేవు, నవ్వులు లేవు. అంచులు సొన తగిలి నల్లబడ్డాయి.

"రండి హరితమ్మా" అని జరిగి చోటిచ్చింది కనకమ్మ. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. హరిత తండ్రి కొట్లో పాతికేళ్ళు కాయలు ఏరిన మనిషి. అక్షరం ముక్క రాదు. 'పూత' మొదటిసారి ఆడింది ఆమే. పూత నిండుగా ఉన్న తోటకే గాలి భయం ఎక్కువ ఉండాలని చెప్పి, హరిత రాసుకొచ్చిన లెక్కను మొదటి రోజే తప్పుపట్టింది కూడా ఆమే.

"ఈవిడ శకుంతలగారు. విజయవాడ నుంచి వచ్చారు. ఒక ఆట ఆడతారు" అంది హరిత.

శకుంతల మొహమాటపడింది. "నేను చూస్తాలెండి. రాసుకోవాలి."

"చూస్తే ఏం తెలుస్తదండీ? నోట్లో పెట్టుకోకుండా రుచెలా చెప్తారు?" అంది కనకమ్మ పక్కనున్న జోజమ్మ. అందరూ నవ్వారు. శకుంతల చెప్పులు విడిచి గడ్డి మీద కూర్చుంది.

కనకమ్మ, జోజమ్మ, శకుంతల. ముగ్గురికీ తలా పన్నెండు చింతపిక్కలు. మొదటి తోటలు ఊరికే పంచారు. శకుంతలకు విరగబూసిన తోట వచ్చింది. జోజమ్మకు నడిరకం. కనకమ్మకు కొమ్మకో పూత గుత్తి ఉన్న బక్క తోట. ముక్కలు తిప్పే పని హరితది.

మొదటి ముక్క మంచు. పూత నిలబెట్టుకోవాలంటే తలా రెండు పిక్కలు మందుకు పెట్టాలి. పెట్టారు. రెండో ముక్క పురుగు. మళ్ళీ పెట్టారు. జోజమ్మ చేతిలో ఇంకా ఎనిమిది పిక్కలున్నాయని అందరికీ కనిపిస్తూనే ఉంది. మరో తోట కొనాలని ఆమె కళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

కనకమ్మ శకుంతల ముక్క వైపు చూసి, "అమ్మగారూ, మీ తోట నాకిచ్చెయ్యండి. ఆరు పిక్కలిస్తా" అంది.

శకుంతల ముక్కను చటుక్కున దగ్గరికి లాక్కుంది. "ఆరుకా? ఇంత పూతుంటే ఎందుకిస్తాను?"

"పోనీ ఏడు."

"ఇవ్వనండీ."

"మీ ఇష్టం" అని కనకమ్మ నిట్టూర్చి జోజమ్మ వైపు తిరిగింది. "ఆవిడ ఇవ్వనంటోంది. నాదే తీసుకుంటావేంటే? అయిదుకిచ్చేస్తా. బక్కదే అనుకో, పెద్ద గాలొస్తే తప్ప దీనికేం భయం లేదు."

జోజమ్మ కాసేపు గింజుకుని అయిదు పిక్కలు లెక్కపెట్టి ఇచ్చింది. హరిత మూడో ముక్క తిప్పింది. గాలి. మామూలు గాలి కాదు, పెద్ద గాలి. చేతిలో తోట ఉన్నవాళ్ళంతా పోయారు. శకుంతల విరగబూసిన తోట పోయింది. జోజమ్మవి రెండూ పోయాయి. చేతిలో తోటే లేని కనకమ్మ పదమూడు పిక్కలు ఒళ్ళో పోసుకుంది.

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. "నీ దుంప తెగ!" అని జోజమ్మ కనకమ్మ భుజం మీద ఒక్కటి వేసింది.

శకుంతల ఇంకా ట్రే వైపే చూస్తోంది. "మీకు నా తోట కావాలనుకున్నాను."

"నాకెందుకండీ అది?" అంది కనకమ్మ. "మీరు అమ్మరని తెలిసే అడిగాను. నేనడగకపోతే మీకే అనుమానమొచ్చి అమ్మకానికి పెట్టేవాళ్ళు. మీదీ నాదీ రెండూ అమ్మకానికొస్తే జోజమ్మ మీదే కొనేది. నా బక్క తోట నాకే మిగిలేది."

శకుంతల ఆమె ముఖంలోకి చూసింది. ఆ తర్వాత పెద్దగా నవ్వింది. పొద్దుటి నుంచీ హరిత ఆ నవ్వు వినలేదు. "ఇంకో ఆట" అంది శకుంతల, చీర కొంగు బొడ్లో దోపుకుంటూ.

మూడు ఆటలాడింది. మూడింట్లోనూ ఓడిపోయింది. రెండో ఆటలో జోజమ్మను బురిడీ కొట్టించబోయి తనే బోల్తాపడింది. నోటు పుస్తకం గడ్డిలో మూసింది మూసినట్టే ఉండిపోయింది.

పనిలోకి దిగడానికి ఇంకా పావుగంట ఉందనగా ఆమె లేచి గడ్డి దులుపుకుంది. హరితను షెడ్డు చివర ట్రేల వెనక్కి పిలిచింది.

"మీరన్నదే నిజం. ఇది పిల్లల ఆట కాదు. ఒప్పుకుంటున్నాను."

హరిత గుండె తేలికపడింది. కానీ శకుంతల ముఖంలో సంతోషం లేదు.

"అందుకే నేను దీన్ని తీసుకెళ్ళలేనండీ" అంది శకుంతల. "పద్దెనిమిదేళ్ళ నుంచి ఆటలు అమ్ముతున్నాను. ముప్పై దాటిన మనిషి దుకాణానికొచ్చి 'నాకో ఆట ఇవ్వండి' అనడం ఒక్కసారి వినలేదు. 'మా పాపకివ్వండి', 'మా వాడి పుట్టినరోజు' అంటారు. ఆరేళ్ళప్పుడు ఒక బొమ్మని ప్రేమించిన పిల్ల పదేళ్ళకి ఆ బొమ్మున్న పుస్తకం కొనిపిస్తుంది, ఇరవై ఏళ్ళకి ఆ బొమ్మున్న చొక్కా కొనుక్కుంటుంది. మొదలు పెట్టాల్సింది అక్కడ. ముదిరిన చెట్టుకి అంటు కట్టలేం కదా?"

"కడతారండీ" అంది హరిత. "మా వైపు ముదురు చెట్టు కొమ్మలు కొట్టేసి కొత్త చిగురుకి అంటు కడతారు."

శకుంతల సన్నగా నవ్వింది. "మాటకి మాట బాగానే ఉంది. ఆరేళ్ళ కిందట నేనూ ఇలాగే అన్నాను, మా వాళ్ళతో పోట్లాడి పెద్దవాళ్ళ ఆట ఒకటి వేయించాను. ఎంత మంచి ఆటో! నాలుగు వేల పెట్టెలు. ఇప్పటికీ గోడౌన్‌లో వెనక గోడకి ఆనించి ఉన్నాయి. నేను అటు వెళ్ళినప్పుడల్లా వాటి వైపు చూడకుండా నడుస్తాను. మళ్ళీ ఒక్కసారి అలా జరిగితే నన్నక్కడ ఉంచరు, హరితగారూ."

ఎదుటిమనిషి మొండిదనుకుని హరిత ఇన్నాళ్ళూ మాటలు నూరుకుంది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది ఒకసారి చెయ్యి కాల్చుకున్న మనిషి.

"ఆ పెట్టెల మీద ఏం రాశారండీ?" అంది.

"వయసా? ఏమీ రాయలేదు. పెద్దవాళ్ళకని రాస్తే కొనరేమోనని భయపడ్డాం."

"అంటే తమ కోసమేనని వాళ్ళకి తెలీనే లేదు కదండీ. అడగడానికి వాళ్ళకి సిగ్గు, చెప్పడానికి మీకు భయం. ఇంక ఎవరు కొంటారు?"

నీళ్ళ బిందె కోసం అటు వచ్చిన కనకమ్మ ఆ మాటలు వింది. వినీ విననట్టు వెళ్ళిపోయే మనిషి కాదామె.

"నేనొకటి చెప్పనా అమ్మగారూ? పిల్లలకి ఆటలెందుకండీ? రాయిచ్చినా ఆడుకుంటారు, పుల్లిచ్చినా ఆడుకుంటారు. మీరేదిచ్చినా ఆడుకుంటారు. నాకు పదమూడో ఏట పెళ్ళయింది. ఆ రోజుతో ఆట అనేది ఆగిపోయింది. మళ్ళీ ఆడింది ఈ ముక్కలొచ్చాకే. నాలుగు రోజులు జ్వరమొచ్చి పడుకుంటే, కూలి పోయిందని కాదు, ఆట పోయిందని బాధపడ్డాను. నవ్వుతారేమోనని మా ఇంట్లో చెప్పలేదు."

బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. శకుంతల కళ్ళు ఆమె వెంటే నడిచాయి. ఏదో అనబోయింది.

సరిగ్గా అప్పుడే షెడ్డు ముందు మోటారు సైకిల్ ఆగింది. వీరభద్రరావు కుర్చీలోంచి గబగబా లేచి ఎదురెళ్ళాడు. వచ్చింది కానిస్టేబుల్ జేమ్స్. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, చొక్కా చేతితో నుదురు తుడుచుకుని, మెల్లగా లోపలికొచ్చాడు.

"నూట పన్నెండుకి ఫోనొచ్చిందండీ, రావుగారూ. మీ షెడ్డులో ఆడవాళ్ళు గుంపుగా పేకాడుతున్నారని."

అప్పటిదాకా వినిపించిన నవ్వులు ఆగిపోయాయి. సగంలో ఉన్న ఆట సగంలోనే ఉంది. ముక్కలు దాచాలో, కింద పెట్టాలో తెలియక జోజమ్మ చేతిలో అలాగే పట్టుకుంది.

"అయ్యో, పేక కాదండీ బాబూ! ఏదో మామిడికాయల బొమ్మలు..." వీరభద్రరావు చేతులు అడ్డంగా ఊపాడు. "నేనప్పుడే వద్దన్నాను."

జేమ్స్ వంగి ఒక పిక్క తీసుకున్నాడు. "పిక్కకెంత?"

"పిక్కకి పిక్కేనండీ" అంది కనకమ్మ.

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. జేమ్స్ నవ్వలేదు, కోపమూ పడలేదు. "అదే అంటారమ్మా అందరూ. మీరు తప్పు చేశారని నేననట్లేదు. కంప్లైంటొచ్చింది కాబట్టి మా ఎస్.ఐ.గారికి ఏదో ఒకటి చెప్పాలి. ఇది ఎక్కడ కొన్నారు? దీనికి పెట్టేదైనా ఉందా?"

హరిత ముందుకొచ్చింది. "నేను తయారుచేశానండీ. కాలేజీలో లెక్చరర్ని. డబ్బు ఆట కాదు." కారులోంచి నమూనా పెట్టె తెచ్చి ఇచ్చింది. జేమ్స్ దాన్ని అటూ ఇటూ తిప్పి అట్ట మీది అక్షరాలు పైకి చదివాడు.

"ఆరేళ్ళు దాటినవారికి." తలెత్తి కనకమ్మ వైపు చూశాడు. "దాటినవాళ్ళేలెండి అందరూ."

ఈసారి ఆడవాళ్ళు ఆపుకోలేక నవ్వారు. అతని పెదవి కూడా కొంచెం కదిలింది. కానీ పెట్టె తెరిచి లోపలి ముక్కను జోజమ్మ చేతిలోని ముక్క పక్కన పెట్టాడు. ఒకటి నవ్వుతున్న కాయ. ఇంకొకటి సొన మరకలున్న బక్క తోట.

"ఇది చిన్నపిల్లలది. వీళ్ళాడేది వేరేది కదమ్మా?"

హరిత అబద్ధమాడలేకపోయింది. "వేరేదేనండీ. ఇంకా అచ్చవలేదు."

"అచ్చయిన ఆటైతే ఫలానా కంపెనీదని చెప్తాను, అయిపోతుంది. చేత్తో చేసిన ముక్కలంటే నేనేం చెప్పనమ్మా? ముక్కలు తీసుకెళ్ళాలి. వీళ్ళల్లో ఇద్దరు ముగ్గురు స్టేషన్‌కొచ్చి చెప్పి వెళ్ళాలి."

స్టేషన్ అనే మాటకు జోజమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా ఆయనకి తెలిస్తే ఇంక పనిలోకే పంపడండీ" అంది ఎవరితోనో చెప్పినట్టు. కనకమ్మ ట్రే మీది ముక్కలన్నీ నెమ్మదిగా ఒక్కటిగా పేర్చి, వాటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. తీసుకెళ్ళడానికి ఆ చెయ్యి లాగాల్సిందే.

"మా కంపెనీదేనండీ."

అందరూ వెనక్కి తిరిగారు. ట్రేల పక్క నుంచి శకుంతల నడిచొస్తోంది.

"ఏంటి మేడం?"

"వాళ్ళాడుతున్నది మా కంపెనీ ఆట. విజయవాడ. అచ్చుకి ముందు ఇక్కడ ఆడించి చూస్తున్నాం. పొద్దుట బడిలో కూడా చూశాం." సంచీలోంచి గుర్తింపు కార్డు తీసి చూపించింది. "ఇప్పుడే నేను కూడా ఆడాను. మూడుసార్లు ఓడిపోయాను."

హరిత ఆశ్చర్యంగా ఆమె వంకే చూసింది. పావుగంట కిందట తీసుకెళ్ళలేనన్న మనిషి.

జేమ్స్ కార్డు చూసి తిరిగిచ్చాడు. అతనికీ ఊరట కలిగినట్టే ఉంది. "అలాగైతే మంచిదేనండీ. ఈ మాటే కాగితం మీద రాసివ్వండి. కంపెనీ పేరు, ఆట పేరు, ఎంత వయసు వాళ్ళ కోసమో రాసి కింద సంతకం పెట్టండి. ఫొటో తీసి ఎస్.ఐ.గారికి పంపిస్తాను." ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించాడు. "వయసు మాత్రం చూసి రాయండి మేడం. ఆరేళ్ళని రాస్తే వీళ్ళెందుకు ఆడుతున్నారంటారు ఆయన. పద్దెనిమిది దాటినవాళ్ళకని రాస్తే, అయితే పేకాటేగా అంటారు."

శకుంతల గడ్డిలోంచి తన నోటు పుస్తకం తీసుకుంది. కొత్త కాగితం తిప్పి, బోర్లించిన ట్రే మీద పెట్టి, కంపెనీ పేరు రాసింది. కంపెనీలో ఎవరినీ అడగలేదు. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. సంతకంతో ఈ కాగితం స్టేషన్‌కి వెళ్ళిందంటే ఇంక మాట వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఆట పేరు 'పూత' అని రాసింది. తర్వాతి వరుసలో కలం ఆగింది.

"హరితగారూ" అంది తలెత్తకుండానే. "పొద్దుటి నుంచీ ఆరేళ్ళు కాదు, ఆరేళ్ళు కాదు అంటున్నారు. ఎంతో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పండి. ఎంతని రాయను?"

హరిత నోరు తెరిచింది. మూడేళ్ళలో ప్రతి నియమాన్నీ పదిసార్లు రాసి కొట్టేసి మళ్ళీ రాసుకుంది. ఈ ఒక్క ప్రశ్న తనను తను ఎప్పుడూ వేసుకోలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. ముక్కల మీద చెయ్యి తీయకుండా కనకమ్మ కూడా ఆమె వైపే చూస్తోంది.